తాడు దాటని దొంగ

వెనకటికి పొన్నేటిపాలెం చర్చిలో కలిగినవాళ్ళు ముందు బెంచీల మీద, లేనివాళ్ళు వెనక చాపల మీద కూర్చునేవారు. మధ్యలో తాడు కట్టించి కాపలా పెట్టింది మునసబు పరంజ్యోతి.

ఒక ఆదివారం ఆరాధన ముగిసేసరికి బలిపీఠం మీది వెండి గిన్నె మాయమైంది. అందరి చూపులూ చాప మీదున్న చిరుగుబట్టల బాటసారి మీదికే పోయాయి.

“వీడే! కట్టెయ్యండి” అని మునసబు కేకేశాడు.

చాపల మీంచి బుట్టలల్లే సలోమి ఊరుకోలేక లేచింది. “అయ్యా, ఇవాళ మావాళ్ళెవరైనా తాడు దాటారా?”

“నా కాపలా ఉండగా చీమైనా దాటదు!”

“గిన్నె ఉన్నది తాడుకు మీవైపే కదయ్యా. మరి దొంగ మావైపు ఎలా ఉంటాడు?”

బెంచీల మీదివాళ్ళు ఒకరి కండువాను ఒకరు అనుమానంగా చూసుకున్నారు. మునసబు చూపు తన బావమరిది మీద పడి, చటుక్కున పక్కకు తిరిగింది.

“అయితే బెంచీలవాళ్ళనే సోదా చేయిస్తాను” అన్నాడు నీరసంగా.

“ఆ అవమానం ఎవరికీ వద్దయ్యా. అందరం బయటికి పోదాం. ఒక్కొక్కరే లోపలికెళ్ళి ప్రార్థించి వద్దాం. ఎవరూ తొంగిచూడొద్దు.”

చివరి మనిషి బయటికొచ్చాక చూస్తే గిన్నె పీఠం మీదే ఉంది.

మునసబు బాటసారికి చేతులు జోడించాడు. తర్వాత సలోమిని పక్కకు పిలిచి, “నీ అనుమానం ఎవరి మీద?” అని గుసగుసగా అడిగాడు.

“అది మనసులో పెట్టుకుంటే, వచ్చే ఆదివారం ఆయన పక్కన ఎలా కూర్చోనయ్యా?” అంది సలోమి.

మునసబు వెళ్ళి తాడు విప్పాడు.