నూకరత్నం పోసిన నారు

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే ఎండకి మాడే మనలాంటి ఊరు కాదమ్మలూ, కొండెక్కి కూర్చున్న ఊరు. ఆ ఊళ్ళో ఒక ఇల్లు ఉండేది. దాన్ని అందరూ నారిల్లు అనేవాళ్ళు. దుప్పటి కప్పుకో, చెప్తాను. కాళ్ళు కూడా లోపల పెట్టు.

ఆ ఊరికి ఒక కట్టుబాటు ఉంది. వంగనారు ఎవరింట్లో వాళ్ళు పోసుకోరు. పదిమందిలో పాము చావదంటారు కదా, అలాగే పది వాకిళ్ళలో నారు బతకదని వాళ్ళ లెక్క. ఊరందరి విత్తనం ఒకే కుండలో, ఒకే ఇంట్లో ఉంటుంది. ఆ ఇంటి ఆడమనిషే చలికాలం చివర్లో నారు పోసి పెంచుతుంది. వేసవిలో మొదటి జల్లు పడగానే ఊరంతా ఆ వాకిట్లోకి వచ్చి, చేతులు చాపి, నారుకట్టలు అందుకుంటుంది. అమ్మడం లేదు, కొనడం లేదు. ఆ చేతి నుంచి అందుకున్న మొక్కే నిలుస్తుందని నమ్మకం.

ఆ ఇంటావిడ పేరు సోములమ్మ. ఆమె అత్త పోయినప్పటి నుంచీ నారు ఆమె చేతి మీదే నడుస్తోంది. ఆమెకి ఒక కొడుకు, సింగన్న. ఒక కూతురు, పక్క కొండ అవతల కాపురం.

సింగన్నకి కింద ఊరి పిల్లని చేసుకున్నారు. సముద్రపు గాలి తగిలే ఊరు, చలంటే ఏమిటో సరిగ్గా తెలియని ఊరు. ఆ పిల్ల పేరు నూకరత్నం. మంచి పిల్ల, పనిలో చురుకు. నోరు మాత్రం చేతులకంటే నాలుగడుగులు ముందు నడిచేది.

ఆ ఏడు మాఘమాసం నడుమ, ఇంకా చలి కొరుకుతుండగానే, కూతురికి నొప్పులు మొదలయ్యాయని సోములమ్మకి కబురొచ్చింది. పురుడు పోసి, బాలింతని లేవదీసి రావాలంటే వేసవి దాకా పడుతుంది. మరి నారు సంగతి? కోడలిని కూర్చోబెట్టి చెప్పబోయింది.

"నారు గురించి నాకు సెప్పాలా అత్తా? మా యమ్మ పెరట్లో నేను పోసిన నారు ఊరూరా పోతాది" అంది నూకరత్నం.

 సోములమ్మ అటక మీద నుంచి విత్తనాల కుండ దింపి, ఆ పిల్ల చేతుల్లో పెట్టి, అయితే సరేలే అని మూట సర్దుకుని వెళ్ళిపోయింది. వినని చెవికి చెప్పడం దండగని ఆవిడకి తెలుసు.

పక్కింట్లో గంగులమ్మ ఉండేది. ఆవిడకి పెద్ద వాకిలి, నిండా ఎండ, ఇద్దరు కోడళ్ళు. నారు తన వాకిట్లో పోయించాలని ఎప్పటి నుంచో కోరిక. చెడ్డది కాదు పాపం, కోరిక అంతే. కింద నుంచి వచ్చిన పిల్ల చేతిలో కుండ చూసి, ఈ ఏడు నారు పాడైపోతే వచ్చే ఏడు నుంచి మా వాకిట్లో పోద్దాంలే అని ఊళ్ళో అనేసింది. పెద్దలు కాదనలేదు. నారు పోతే ఆ ఏడు ఊళ్ళో వంకాయ ఉండదు. కుండ కూడా ఖాళీ అవుతుంది. విత్తనం కోసం ఇంకో ఊరి ముందు దోసిలి పట్టాలి. అత్తగారి అత్తగారి నాటి పేరు ఒక్క ఏడులో పోతుంది. నూకరత్నానికి ఇదంతా తెలిసింది. తెలిసి, ముక్కు ఎగరేసింది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనం అంటాం కదా. నూకరత్నం వాళ్ళమ్మా అలాగే అనేది. అందుకని ఈ పిల్ల శివరాత్రి జాగారం చేసి, తెల్లారగానే పార పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. మడి చేసింది. కుండలో విత్తనం సగానికి సగం చల్లేసింది. సాయంత్రం కాగానే ఊట నీళ్ళు తెచ్చి, కింద ఊళ్ళో పోసినట్టే ధారగా పోసింది.

చలి శివశివా అంటూ పోయే మాట నిజమే అమ్మలూ. కాకపోతే పోయి ఎక్కడ కూర్చుంటుంది? ఆ కొండ మీదే. పొద్దున లేచి చూస్తే పెరడంతా మంచు. మడిలో వేలు పెడితే జివ్వుమంది. అలా చాలా పొద్దులు చూసింది. ఒక్క మొలక రాలేదు. చివరికి మట్టి తీసి చూస్తే గింజలు మెత్తగా కుళ్ళిపోయి ఉన్నాయి.

 నూకరత్నం ఎవరికీ చెప్పలేదు. మడి మళ్ళీ చదును చేసేసింది.

అప్పుడు ఆలోచించింది. గింజకి చలేస్తోంది, వెచ్చగా పెడితే సరి అనుకుంది. వెదురు తట్టల్లో మట్టి నింపి, మిగిలిన దాంట్లో సగం విత్తనం చల్లి, పొయ్యి పక్కన వరసగా పెట్టింది. ఆ ఇంటికి కిటికీ లేదు. కొండమీది ఇళ్ళంతే, చలిగాలికి భయపడి కట్టినవి. కానీ పొయ్యి వేడికి గింజలు టపటపా మొలిచాయి.

ఇంకేముంది, నూకరత్నం కాలు నేల మీద నిలిస్తే కదా. వాడకట్టునంతా పిలిచి చూపించింది. గంగులమ్మ కూడా వచ్చి, వంగి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఏమీ అనకపోతే ఓడిపోయిందని ఈ పిల్ల అనుకుంది.

మొలకలు పెరిగాయి. పెరగడమంటే అలా ఇలా కాదు, వెలుగు కోసం మెడలు చాపుకుంటూ సన్నగా, తెల్లగా, దారప్పోగుల్లా సాగాయి. ఇదేమిటి, ఆకు పచ్చబడదేం అని నూకరత్నం కంగారు పడింది. ఎండ తగలాలి కాబోలని ఒక పొద్దున తట్టలన్నీ ఒక్కసారే వాకిట్లో పెట్టి, పొలానికి పోయింది. కొండగాలి వీచింది, ఎండ చురుక్కుమంది. సాయంత్రం వచ్చి చూసేసరికి ఒక్కటీ నిలబడి లేదు. అన్నీ తట్టకి అంటుకుపోయాయి.

అప్పుడు ఏడ్చింది నూకరత్నం. గుమ్మంలో కూలబడి, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. సింగన్న మంచివాడు. నేను వెళ్ళి అమ్మని తీసుకురానా అన్నాడు. బాలింతని వదిలేసి రమ్మని ఎలా అడుగుతామని ఆ పిల్ల వద్దంది. అందులో సగం న్యాయం, సగం రోషం. రోషం ఉండటం మంచిదే అమ్మలూ, అది చేతుల్లోకి దిగితే.

కుండ వంచితే అడుగున ఒక గుప్పెడు మిగిలింది. ఆ గుప్పెడే ఊరు.

మర్నాడు పొద్దున్నే పశువుల శాల ఊడ్చి, పేడ తట్ట నెత్తిన పెట్టుకుని కుప్ప మీద వేయడానికి వెళ్ళింది. చుట్టూ మంచు తెల్లగా పడి ఉంది. పేడకుప్ప మీద మాత్రం లేదు. పైగా సన్నగా ఆవిరి లేస్తోంది. వాళ్ళ నల్లకుక్క ఆ కుప్పలో గుంట చేసుకుని, ముడుచుకుని, హాయిగా గుర్రు కొడుతోంది. నూకరత్నం దాన్ని అదిలించి ఆ గుంటలో చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. అరిచెయ్యి తియ్యబుద్ధి కాలేదు. అక్కడే అలా నిలబడిపోయింది.

ఆ తర్వాత ఏం చేసిందో విను. ఈసారి తొందరపడలేదు. గింజల్ని గోరువెచ్చటి నీళ్ళలో నానేసింది. పాత చీరముక్కలో మూట కట్టి, రొంటిన దోపుకుంది. నా ఒంటి వేడి చాలదా వీటికి అనుకుంది. ఆ మూటతోనే వండింది, ఆ మూటతోనే తుడిచింది. వంగితే నలుగుతాయని నిటారుగా నడిచేది. కడుపుతో ఉన్నదానిలా ఆ నడకేమిటని సింగన్న నవ్వాడు. నవ్వితే నవ్వాడు. మూట ఆరితే తడపడం, మళ్ళీ దోపుకోవడం. ఒకనాడు విప్పి చూస్తే గింజ గింజకీ తెల్లటి ముక్కు పొడుచుకొచ్చింది.

అప్పుడు శాల వెనక ఎండ పడే చోట గుంత తవ్వింది. పచ్చిపేడ, గడ్డి కలిపి తొక్కి నింపింది. దాని మీద తట్టలు పెట్టి, జల్లించిన మట్టీ బూడిదా పోసి, మొలకల్ని ఒక్కొక్కటీ వేలితో పెట్టింది. పొద్దు వాలితే గడ్డితడికలు కప్పేది. పొద్దెక్కితే తీసేది. నీళ్ళు కూడా ఊట నుంచి తెచ్చి సరాసరి పోసేది కాదు, బిందెని ఎండలో పెట్టి, చలి విరిగాక చేత్తో చిలకరించేది. కింద పేడ వేడి, పైన ఎండ వెలుగు. ఆకులు విప్పుకున్నాయి. ఈసారి పచ్చగా విప్పుకున్నాయి.

ఇక గట్టెక్కామనుకునేసరికి, చూడు, మబ్బు పట్టింది. కొండంతా మంచుమబ్బు కమ్మేసింది. ఎండ మొహం చూపడం లేదు. గుంతలో పేడ వేడి చల్లారిపోతోంది. మళ్ళీ పచ్చిపేడ కావాలి. సింగన్నకి ఉన్నవి ఒక జత ఎడ్లు, ఒక ఆవు. చాలదు. ఊళ్ళో అందరికంటే పశువులెక్కువ ఎవరికి? గంగులమ్మకే.

నూకరత్నం గంగులమ్మ గుమ్మం ముందు చాలాసేపు నిలబడింది. ఆ నోరు, ఎప్పుడూ ముందు నడిచే ఆ నోరు, ఆరోజు పెగల్లేదు. చివరికి మెల్లగా అడిగింది.

గంగులమ్మ లేచి వచ్చి, శాల వెనక గుంతలోకి తొంగి చూసింది. అంతవరకూ ఆవిడ అలాంటిది చూడలేదు. వంగి, ఒక పచ్చటి ఆకుని వేలితో నిమిరింది.

"నారు నీ వాకిట్లోనా, నా వాకిట్లోనా, అది తర్వాత సూద్దుము. ముందు ఇవి బతకాల గదే" అంది.

అని తనే తట్ట నింపి నెత్తిన పెట్టుకుని తెచ్చింది. ఆవిడ వెనక ఆవిడ కోడళ్ళు, వాళ్ళ వెనక వాడకట్టు ఆడవాళ్ళు. నారిల్లు పేడకంపు కొట్టింది. నూకరత్నానికి ఆ కంపు సంపెంగ వాసన కంటే బాగుంది. ఇంట్లో ఉన్న గొంగళ్ళు రెండూ తట్టల మీద కప్పేసి, మొగుడూ పెళ్ళాలు పొయ్యి పక్కన ముడుచుకున్నారు. మబ్బు విడిచేదాకా మొక్కలు పచ్చగానే ఉన్నాయి.

ఇక ఎండకి అలవాటు చేయాలి. ఒకసారి చెయ్యి కాలింది కదా, ఈసారి పురిటిబిడ్డని బయటికి తెచ్చినట్టు తెచ్చింది. మొదట లేత ఎండలో కాసేపు, చూరు కింద కాసేపు. ఆ తర్వాత పూటంతా. ఆ తర్వాత గాలికి, మంచుకి. కాడలు మందమెక్కాయి. ఆకు కింద ఊదారంగు తేలింది. ఊళ్ళోవాళ్ళు పని ఉన్నా లేకపోయినా అటుగా నడిచి, చూసి పోయేవాళ్ళు. మన నారు అనడం మొదలుపెట్టారు. గింజ ఒక్కటీ వృథా పోలేదు కాబట్టి, గుప్పెడే అయినా ఊరందరికీ సరిపోయేలా వచ్చింది.

మొదటి జల్లు పడింది. మట్టి కమ్మగా వాసనేసింది. ఊరంతా నారింటి వాకిట్లో చేరింది. సరిగ్గా అప్పుడే కూతురిని, పసివాడిని చల్లగా ఉంచి, సోములమ్మ మూట నెత్తిన పెట్టుకుని కొండెక్కి వచ్చింది.

ఆమెని చూడగానే అలవాటు కొద్దీ అందరూ ఆమె వైపు తిరిగి చేతులు చాపారు. ఆమె ఎవరి వంకా చూడలేదు. మూట దించి, తట్టల దగ్గర కూర్చుంది. ఒక మొక్క పెకలించి వేరు చూసింది. కాడని రెండు వేళ్ళ మధ్య నొక్కి చూసింది. వంగలేదు. ఖాళీ కుండ చూసింది.  రెండుసార్లు పోగొట్టాను అత్తా అని నూకరత్నం అందరి ముందే చెప్పేసింది.

"నేను అటక మీద పొయ్యి సెగకి పెట్టి మొలిపిస్తాను. ఈ పేడగుంత నీకెవులు సెప్పినారు?" అంది సోములమ్మ.

"మన నల్లకుక్క సెప్పింది అత్తా."

ఊరంతా నవ్వింది. సోములమ్మ నవ్వలేదు. కళ్ళు మెరుస్తున్నాయి. మా అత్త చేతిలో గానీ, నా చేతిలో గానీ ఇంత కాడ ఎన్నడూ లేవలేదని ఊరందరికీ వినబడేలా చెప్పింది. గంగులమ్మ అవునని తలూపింది. ఇక వాకిలి మాట ఎవరూ ఎత్తలేదు.

అప్పుడు సోములమ్మ లేచి, కోడలిని తట్టల ముందు నిలబెట్టింది. తను వెళ్ళి అందరికంటే ముందు, కోడలికి ఎదురుగా నిలబడింది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఇవ్వడమే తెలిసిన చేతులవి. ఆ రెండు చేతులూ కలిపి, దోసిలి పట్టింది.

"ముందు నాకియ్యే, అమ్మీ" అంది.

నూకరత్నం నారుకట్ట తీసింది. తడిమట్టితో సహా తీసి, రెండు చేతులతో అత్త దోసిట్లో పెట్టింది. పెట్టేటప్పుడు తల వంచలేదు. ఎందుకు వంచాలి? వెనక ఊరంతా చేతులు చాపుకుని వరసలో నిలబడి ఉంది.

నిద్రొస్తోందా? సరే.

కథ కంచికి,
నారు మడికి,
మనం ఇంటికి,
నిద్ర కంటికి.