సందెవేళ పిలిచిన ఫోను

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఊరంటే ఎంతనుకున్నావు, చుట్టూ ఉప్పుమళ్ళు, మధ్యలో కాసిని రేకుల ఇళ్ళు, అంతే. ఏదీ, ముందు ఆ ఫోను పక్కన పెట్టు. బోర్లా పెట్టు. ఆఁ, ఇప్పుడు చెప్తాను.

ఆ ఊళ్ళో నూకాలు అని ఒకావిడ ఉండేది. ఆవిడకి పైడి అని ఒక్కతే కూతురు, ఇంచుమించు నీ ఈడుదే. నూకాలు పొద్దున్నే ఉప్పుమళ్ళలోకి పోతే, దీపాలు పెట్టాక గానీ ఇల్లు చేరేది కాదు. పిల్ల ఒక్కతే ఉంటోందని ఆ తల్లికి ఒకటే బెంగ. అప్పుడు సంతకి వెళ్ళి ఒక పాత ఫోను కొంది. ఏదైనా అయితే పిల్ల ఉప్పుమళ్ళ మేస్త్రికి ఫోన్ చేస్తుందని.

ఫోన్లు అమ్మేవాడు బుద్ధిమంతుడే. "ఎవులు వాడినారో ఏటో, లోపలున్నదంతా తుడిసేసి ఇత్తాను" అన్నాడు. అంతలో ఫోను వెలిగింది. తెరనిండా అమ్మవారి బొమ్మ! పసుపు ముఖం, ఇంత పెద్ద బొట్టు. నూకాలు గబగబా చెంపలు వేసుకుంది.

"అమ్మోరిని తుడిసేత్తావేటి? కళ్ళు పోవూ?" అని ఫోను లాక్కుని వచ్చేసింది.

చూశావా, అక్కడే పొరపాటు చేసింది. ఫోనులో అమ్మవారి బొమ్మ ఒక్కటే ఉంటుందా? వాడిన మనిషి సగం అందులోనే ఉంటుంది.

ఆ సాయంత్రం పైడి ఇంట్లో ఒక్కతే ఉంది. గాలి పడిపోయింది. సముద్రం చప్పుడు కూడా తగ్గింది. అప్పుడు ఫోను పలికింది. పాట కాదు, గంట కాదు. ఒక ఆడమనిషి గొంతు.

"బుల్లీ... లేయే. దీపాలేళయింది."

కాస్త ఆగి మళ్ళీ అదే మాట. ఆ తర్వాత ఊరుకుంది. పైడి ఇల్లంతా కలయచూసింది. ఆ ఇంట్లో బుల్లి అనే పిల్లే లేదు కదా!

నూకాలు వచ్చాక చెప్తే కొట్టిపారేసింది. "ఫోను మాటాడక రాయి మాటాడుద్దా?" అంది. కానీ పడుకోబోయే ముందు కూతురు తల నిమురుతూ, "సందేళ ఎవులైనా పిలిస్తే వెంటనే పలక్కు. మూడోసారికి పలుకు. మనిసైతే మూడోసారి పిలుత్తాది. మనిసి కానిది రెండుతో ఆగిపోద్ది" అని చెప్పింది. మా వైపు కూడా అలాగే అనేవాళ్ళులే.

మర్నాడు పైడి తెలివిగా ఫోనుని బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టి మూత బిగించింది. సందెవేళ అయింది. బియ్యం అడుగునుంచి, నేలలోంచి వచ్చినట్టు ఆ గొంతు. "బుల్లీ... లేయే." రెండుసార్లు. పైడి పలకలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నువ్వెందుకు దుప్పటి లాక్కుంటున్నావు? నేనున్నాగా.

ఇక ఆ తర్వాతి రోజు. పైడి తలుపు గడియ వేసి, మంచం మీద ముడుచుకుని కూర్చుంది. ఫోను ఒకసారి పిలిచింది. రెండోసారి పిలిచింది. ఆగింది. హమ్మయ్య అనుకుంది పైడి.

అప్పుడు మూడో పిలుపు వచ్చింది.

ఫోనులోంచి కాదు. తలుపు అవతలినుంచి. "బుల్లీ!" అదే గొంతు.

పాపం, పైడి ఏం చేస్తుంది? మూడోసారి పిలిస్తే పలకాలి. మెల్లగా "ఎవులు?" అంది. "నానే. అమ్మని" అంది గొంతు. కానీ అది పైడి వాళ్ళమ్మ కాదు. తలుపు సందులోంచి చూస్తే గుమ్మంలో పాదాలు కనిపించాయి, ఉప్పు పేరుకుని తెల్లగా. పైడి గడియ తియ్యలేదు. తలుపుకి వీపు ఆనించి గట్టిగా నిలబడింది.

అంతలో నూకాలు వచ్చింది. గుమ్మంలో కూర్చున్న మనిషిని చూసి బుట్ట కింద పడేసింది. ఆ మనిషి చేతిలో ఇంకో ఫోను ఉంది. దాని తెరమీద ఒక చుక్క వెలుగుతోంది. ఆ చుక్క సరిగ్గా ఆ ఇంటిమీదే ఉంది.

ఆవిడ పేరు అసిరమ్మ. బుల్లి ఆవిడ కూతురు. సందెవేళ నిద్రపోకూడదని, బుల్లి అమ్మ పిలుపునే తన ఫోనులో అలారంగా పెట్టుకుంది. తన ఫోను ఎక్కడుందో అమ్మ ఫోనులో చుక్కగా కనబడేట్టూ పెట్టింది. తర్వాత జ్వరం వచ్చి పిల్ల పోయింది. ఆస్పత్రిలో ఫోనూ పోయింది, చుక్కా ఆరిపోయింది. నూకాలు ఆ ఫోను కొని ఇంటికి తెచ్చాక చుక్క మళ్ళీ వెలిగింది.

"పిల్ల లేదని నాకు తెలుసమ్మా. సుక్క ఎలిగితే కాళ్ళు ఆగలేదు" అంది అసిరమ్మ.

అప్పుడు పైడే గడియ తీసి ఫోను ఆవిడ చేతిలో పెట్టింది. అసిరమ్మ వెతికి వెతికి ఒకటి నొక్కింది. లోపల ఒక పిల్ల నవ్వింది. "అమ్మా, ఇటు చూడే" అంది. "ఊఁ, సూత్తన్నానే" అంది అసిరమ్మ. ఆ పిల్ల గొంతు ఇంకెక్కడా లేదు నాన్నా. సంతలో తుడిచేసి ఉంటే అదీ పోయేది.

అసిరమ్మ బుల్లి ఫోను తీసుకుని తన ఫోను పైడికి ఇచ్చింది. మర్నాడు ముగ్గురూ సంతకి వెళ్ళారు. అసిరమ్మకి కావలసినవన్నీ బుల్లి ఫోనులోకి మార్చి, పైడికిచ్చిన ఫోను శుభ్రంగా తుడిపించారు. ఈసారి నూకాలు అడ్డం చెప్పలేదు. ఎప్పుడైనా అంతే, ముందు దాచుకోవాలి, తర్వాతే తుడవాలి.

ఆ సాయంత్రం అసిరమ్మ తన ఇంటికి, నూకాలు ఉప్పుమళ్ళలోకి వెళ్ళిపోయాక, పైడి ఒక్కతే ఉంది. ఖాళీ ఫోను గూట్లో ఉంది. సందెవేళ అది పలికింది. పిల్ల గొంతు.

"పైడీ..." పైడి పలకలేదు. "పైడీ..." అప్పుడూ పలకలేదు. "పైడీ!"

"ఊఁ" అంది పైడి.

"మా అమ్మ ఏడుత్తందా?"

పైడికి భయం పోయింది. "లేదే బుల్లీ. నీ నవ్వు విని నవ్వింది. నీ ఫోను గుండెకి ఆనించుకుని ఇంటికెళ్ళింది" అంది.

ఆ తర్వాత ఆ ఫోను మరెప్పుడూ పిలవలేదు.

ఏయ్, ఎవరో పిలిచినట్టుంది కదూ? ఒక్కసారేలే. మూడోసారికి చూద్దాం.

కథేమో కంచి దారికి,
ఫోనేమో గోడ గూటికి,
బుల్లేమో అమ్మ గుండెకి,
మనమేమో నిద్ర ఇంటికి.