గవర్రాజు ఆటలో పెట్టిన మోడు

అనకాపల్లిలో ఆ వీధి మొత్తానికి తెలివైనవాళ్ళు తామేనని గవర్రాజుకు గట్టి నమ్మకం. మిగతా ఇళ్ళవాళ్ళు ప్రతి మాటకూ అర్థాలు వెతుక్కుంటారు, మనం చెప్పింది చెప్పినట్టే చేస్తాం, తేడా అదేనని మీసం దువ్వుకుంటూ అనేవాడు. అక్క పైడమ్మ, బావ సింహాద్రి అవునవునని తలలూపేవాళ్ళు. ఆ ఇంట్లో కాదనే అలవాటు ఎవరికీ లేదు.

అలాంటి గవర్రాజు, కంప్యూటర్లో దిమ్మెలు పేర్చే ఆటలో పదకొండు నెలలు కష్టపడి ఒక మేడ కట్టాడు. ఆపితే ఎక్కడ కూలిపోతుందోనని కంప్యూటర్ని ఒక్క రోజు కూడా ఆపలేదు. ఈలోగా కాలనీ సంఘం పోటీ పెట్టింది. నెగ్గిన మేడ బొమ్మ కొత్త క్యాలెండర్ మీద వేస్తారట. సాయంత్రం అయిదింటికి కార్యదర్శి పట్నాయక్ గారు చూడ్డానికి వస్తున్నారు. చిక్కల్లా ఒక్కటే, మేడ లోపల కటిక చీకటి. మెట్లు కనిపించవు, గదులు కనిపించవు, పైడమ్మ పట్టుబట్టి కట్టించుకున్న వంటిల్లూ కనిపించదు. ఇన్నాళ్ళ చాకిరీ చీకటిపాలవుతుందని గవర్రాజుకు ఏడుపొచ్చినంత పనైంది.

విశాఖలో ఉన్న మేనకోడలు హైమకు ఫోన్ చేశాడు.

"అదెంత పని మామయ్యా, ఆటకి కొత్త హంగులు చేర్చే మోడ్ పెడితే సరి. అప్పుడు దివిటీ పట్టుకుని నువ్వెటు నడిస్తే వెలుగు నీతో అటే వస్తుంది. మంచి మోడ్ ఒకటి చూసి, కిందకి దించి, ఆటలో పెట్టు," అంది హైమ.

గవర్రాజు ఫోన్ పెట్టేసి, "మోడు కావాలట బావా," అన్నాడు.

"మనింట్లో మోడేది? అన్నీ పచ్చటి చెట్లే కదా," అన్నాడు సింహాద్రి.

"చెట్టుంటే మోడు చేసుకోలేమేటి?" అంది పైడమ్మ.

అంతే, విరగకాసిన మునగచెట్టును నరికేసి, మిగిలిన మోడును వేళ్ళతో సహా పెకలించారు.

"హైమ కిందకి దించమంది. ఇది కిందే ఉంది మరి," అన్నాడు గవర్రాజు దిగులుగా.

"పైకెక్కిస్తే దించొచ్చు," అన్నాడు సింహాద్రి.

ఇంకేముంది, ముగ్గురూ రొప్పుతూ మోడును డాబా మీదికి ఎక్కించారు, మళ్ళీ రొప్పుతూ దించారు. సింహాద్రికి నడుం పట్టేసింది. అయినా పని పద్ధతిగా జరిగిందని సంతోషించాడు.

గవర్రాజు మళ్ళీ ఫోన్ చేశాడు. "దించాం హైమా. కానీ లోపల పట్టేలా లేదమ్మా, మహా బరువు."

"బరువైతే ముందు తెరిచున్న విండోలన్నీ మూసెయ్యి మామయ్యా."

అంతే, ఇంట్లో కిటికీలన్నీ బిడాయించారు. ఇప్పుడు మేడా చీకటే, ఇల్లూ చీకటే.

"మూసేశాం," అన్నాడు గవర్రాజు.

"ఇక కంప్యూటర్ ఓసారి ఆపాలి. అంతకుముందు సేవ్ చేశావా? ఎప్పుడైనా చేశావా అసలు?"

సేవ్ అంటే ఆ ఇంట్లో మంగలికత్తి పనే. గవర్రాజు చెయ్యి మీసం మీదికి పోయింది. "గడ్డం వరకే చేశానమ్మా. పూర్తిగా ఎప్పుడూ చెయ్యలేదు."

హైమకు మొదటి ముక్క వినపడలేదు. "పూర్తిగా చెయ్యి మామయ్యా. లేకపోతే పదకొండు నెలల కష్టం పోతుంది."

ఇరవయ్యేళ్ళ మీసం. కానీ మేడ కంటే ఎక్కువా? కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఆ చీకట్లో అద్దమైనా లేకుండా, తడుముకుంటూ నున్నగా గీసేసుకున్నాడు. తర్వాత వెళ్ళి కంప్యూటర్ ఆపేశాడు. తెర నల్లబడింది.

అయిదింటికి పట్నాయక్ గారు వచ్చారు. సింహాద్రి కర్రకు గుడ్డ చుట్టి, నూనెలో ముంచి, వెలిగించి ఇచ్చాడు. గవర్రాజు దివిటీ ఎత్తి తెర ముందుకు నడిచాడు. నల్లటి గాజులో వెలుగు తళుక్కుమంది, అతనెటు కదిలితే అటు కదిలింది.

"వెలుగొచ్చిందండీ. లోపల మనుషులు కూడా కనిపిస్తున్నారు. అదుగో మా అక్క, అదుగో మా బావ, ఆ వెనక మీరు," అన్నాడు గవర్రాజు పొంగిపోయి.

"మరి ముందర ఆ మీసం లేనివాడెవడ్రా?" అంది పైడమ్మ.

గవర్రాజు తేరిపార చూశాడు. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు, తన మేడలో, చేతిలో మంటతో నిలబడి ఉన్నాడు.

"మేడకు నిప్పెట్టడానికొచ్చాడు బావా, మోడు అందుకో."

ఇంకేముంది, దివిటీ పైడమ్మ చేతిలో పెట్టి, బావా బావమరిదీ మోడెత్తి తెర మీదికి విసిరారు. గాజు భళ్ళున పగిలి, మోడు సగం దాకా లోపలికి దిగింది. మీసం లేనివాడు అయిపూ జాడా లేకుండా పోయాడు. పట్నాయక్ గారు అప్పటికే గేటు దాటేశారు.

ఫోన్ మోగింది. "మామయ్యా, మోడ్ పెట్టావా?" అని అడిగింది హైమ.

"పెట్టానమ్మా," అన్నాడు గవర్రాజు, లేని మీసం దువ్వుకుంటూ. "కాస్త గట్టిగా పెట్టాల్సొచ్చింది గానీ, నువ్వు చెప్పింది చెప్పినట్టే చేశాం."