ఐదు గడపల తోరము

పెద్దవరద ఏటి నడుమనున్న తువ్వలంకను రెండుగా చీల్చిన ఏట మొదలైన కథ ఇది. అక్షతలు చేత పట్టుకొని, మాటలాడక వినవలెను.

సముద్రపు ఒడ్డున తపస్సు చేసుకొను మాండవ్య మహర్షి ఒకనాడు శాండిల్య మహర్షి ఆశ్రమమునకు వచ్చెను. గాలివాన వచ్చినప్పుడెల్ల వ్యాపారులు చెడిపోవుట చూచుచున్నాననియు, కొట్టు గోడలు గట్టివే, తాళము గట్టిదే, అయినను సరుకు అందక చెడుచున్నారనియు, దీనికి నోము ఏదైన కలదా అనియు అడిగెను. శాండిల్యుడు కలదని చెప్పి, ఇట్లు పలికెను.

ఉప్పురేవు అను పల్లెలో చలమయ్య అను తాళ్ళ వర్తకుడు ఉండెను. గాలివాన ముందు పడవలను ఒడ్డుకు లాగి కట్టుటకు కొబ్బరి పీచు మోకులు కావలెను. ఆ మోకులు చలమయ్య కొట్టునుండియే పోవలెను. ఊరి పడవలన్నియు ఆయన తాటిని నమ్మి ఉండెను.

అయితే ఆ తాళ్ళు ఆయన పేనినవి కావు. ఐదు ఇండ్లవారు పేని ఇచ్చెడివారు. రెండు ఇండ్లు తువ్వలంకలో, రెండు ఇసుక దిబ్బమీద, ఒకటి కాలువకు ఆవల. చలమయ్య తండ్రి బ్రతికిన దినములలో, ఆశ్వయుజ మాసమున గాలి మళ్ళక ముందే ఐదు గడపలు తొక్కి వచ్చెడివాడు. ఎందుకని ఎవరును అడుగలేదు. ఆయనయు చెప్పలేదు.

తండ్రి పోయిన పిదప చలమయ్య ఆ తిరుగుడు మానెను. తువ్వలంకలో పల్లాలమ్మ పేనిన తాడు నున్నగా ఉండుననియు, ఆ ఒక్క ఇల్లు చాలుననియు భార్య సూరాంబతో చెప్పెను.

"ఒంటికోడు మంచమ్మీద పడుకుంటారా ఏటండీ?" అని ఆమె అడిగెను. 

ఆ ఏడే పెద్దవరద వచ్చెను. పల్లాలమ్మ ఇంటి పీచు, పేనిన మోకులు కొట్టుకుపోయెను. వరద బురద ఆరక ముందే గాలివాన వచ్చెను. మిగిలిన నాలుగు ఇండ్లవారు ఎవరును అడుగనందున చాపలు అల్లుకొనుచుండిరి. పడవలవారు కొట్టు ముందు చేరిరి. పాతిక పడవలకు కొట్టులో మూడు మోకు చుట్టలే ఉండెను. పదకొండు పడవలను సముద్రము పట్టుకుపోయెను. వానిలో ఓలేసు పడవ ఒకటి.

ఓలేసు చలమయ్యకు చిన్ననాటి నేస్తము. అతడు తిట్టలేదు. కొట్టు ముందునుండి తల తిప్పుకొని పోయెను. తిట్టినను బాగుండునని చలమయ్య అనుకొనెను. నాటినుండి జనము పొరుగూరి తాటికి పోయిరి. చలమయ్య తలుపు తీసినచో ఈగలే వచ్చెడివి.

అట్లుండగా ఒక ముసలమ్మ మేకను తోలుకొని కొట్టుకు వచ్చెను.

"నాయనా, మేకని కట్టుకోవాలి. బారెడు తాడియ్యి."

"లేదమ్మా."

"తాళ్ళ కొట్లో తాడు లేదా! రేపు ఏట్లో నీళ్ళు లేవంటావు కామోసు!"

ఆమె నవ్వెను. చలమయ్యకు కండ్లు చెమ్మగిల్లెను. అది చూచి ఆమె జాలిపడి నోము చెప్పెను. పసుపు దారమునకు ఐదు ముడులు వేసి తోరము చేయవలెను. ఆశ్వయుజములో, సరుకు ఇచ్చు ప్రతి గడపకును పోయి, ఆ ఇంటివారి చేతికి తోరము కట్టి, ఆ ఇంట పెట్టినది తిని, మూడు మాటలు అడుగవలెను. నీరు మీ ఇంటికి ఏ ప్రక్కనుండి వచ్చును? వచ్చినచో సరుకు ఎక్కడ పెట్టెదరు? దారి తెగినచో ఏ దారిని వచ్చెదరు? ఇట్లు చెప్పి ఆమె వెళ్ళిపోయెను. ఇసుకలో మేక అడుగులే కనబడెను గాని ఆమె అడుగులు కనబడలేదు. ఆమె గంగమ్మ తల్లి అని సూరాంబ చెంపలు వేసుకొనెను.

మరుసటి ఏట చలమయ్య నోము పట్టెను. తోరములు తానే చేసెను. కాని కాలిలో ముల్లు గ్రుచ్చుకొన్నదని, ఐదు తోరములు బండివానిచేత పంపెను. ఎవరు కట్టినను తోరము తోరమే గదా అనుకొనెను. బండివాడు, యజమాని కాలిలో ముల్లని చెప్పి, గడపలలో పడవేసి పోయెను.

ఆ ఏడును గాలివాన వచ్చెను. ఐదు ఇండ్లవారు మంచివారు. తాళ్ళు పేని బయలుదేరిరి. కాని కాలువ గట్టు తెగి పాతదారి మునిగెను. వేరు దారి ఎవరును అనుకొని ఉండలేదు. అందరును ఆవలి ఒడ్డునే నిలిచిపోయిరి. మోకులు కంటికి కనబడుచుండెను. చేతికి అందకుండెను. ఆరు పడవలు పోయెను. చలమయ్య కొట్టు కప్పు కూడ ఎగిరిపోయెను.

మూడవ ఏట ఓలేసు కొత్త పడవ కట్టించుకొనెను. దాని ముక్కుకు పసుపు రాయుట చలమయ్య దూరమునుండి చూచెను. ఈ పడవయు పోయినచో తాను ఉప్పురేవులో ముఖమెత్తి తిరుగలేనని తలచి, ఆశ్వయుజము రాగానే చెప్పులు తొడిగెను.

మొదట పల్లాలమ్మ గడపకు పోయెను. ఆమె పీచు దులుపుచు తలయెత్తి చూచెను.

"ఎవరూ, శెట్టిగారే! కాల్లో ముల్లు ఇప్పటికి తీసేరా?"

"తీసేనమ్మా. నిరుడు పంపిన తోరం..."

"అది నాకా! పెయ్యకో మేకకో అనుకున్నాం. అదుగో, మా మేక మెళ్ళో ఉంది. కట్టిన కాడ్నుంచీ రెండేసి పిల్లలెడతంది. మీ చెయ్యి మంచిదే, రాకపోడమే తప్పు."

ఆయన నవ్వెను. ఆమె పెట్టిన గంజి త్రాగి మూడు మాటలు అడిగెను. అన్నిటికిని చెప్పి, ఆమె తిరిగి ఒక మాట అడిగెను.

"సరే. మరి మా ఇల్లే మునిగితే మేవెక్కడికి పోవాలండీ?"

ఈ మాట అమ్మవారు చెప్పలేదు. చలమయ్య గంజి ముంత క్రింద పెట్టెను. "మా కొట్టుకి కొత్త కప్పేయించేను, అటక ఉంది. పిల్లల్నీ పీచునీ తీసుకుని వచ్చెయ్యండి," అనెను. అప్పుడు ఆమె చేయి చాపెను. తోరము కట్టించుకొని, తన పీచునుండి ఒక పోగు తీసి ఐదు ముడులు వేసి, ఆయన చేతికిని కట్టెను. ఆ గడపన నోము అప్పటికి పూర్తి అయ్యెను. ఆయన మిగిలిన నాలుగు గడపలకును అట్లే పోయి, కట్టి, కట్టించుకొనెను.

కార్తికములో గాలివాన వచ్చుచున్నదని టముకు వేసిరి. సముద్రము నల్లబడెను. తువ్వలంకవారు నీరు రాకముందే పిల్లలతో, మేకలతో, పీచుతో వచ్చి అటక ఎక్కిరి. అక్కడనే కూర్చుండి మోకులు పేనిరి. దిబ్బమీదివారు ఇసుక మెరకను, కాలువ ఆవలివారు లాకు వంతెన మీదుగను తాళ్ళు తెచ్చిరి. తండ్రి ఎందుకు తిరిగెడివాడో చలమయ్యకు తెలిసెను.

వానలో తడిసి ఓలేసు కొట్టు గడపలో నిలిచెను. రెండేండ్ల తరువాత మాటలాడెను.

"ఒరే చలమా, మోకుందంట్రా?"

"ఉంది."

"ఎన్ని?"

"నీకెన్ని?"

ఓలేసు ఒకటి అడిగెను. చలమయ్య రెండు చుట్టలు అతని భుజమున వేసెను. తాను మూడవది పట్టుకొని వెంట పోయి, కొత్త పడవకు తన చేతులతో ముడి వేసెను. ఆ గాలికి తాడిచెట్లు విరిగెను గాని ఉప్పురేవులో ఒక్క పడవయు కదలలేదు. పొరుగూరి తాటికి పోయిన జనము తిరిగి వచ్చిరి. కొట్టు నిండెను.

కావున ఓ మాండవ్యా, ఈ నోమును కిరాణా కొట్టువారు, హోటలువారు, మందుల షాపువారు, పాలు పోయించుకొనువారు, ఇటుక, ఇనుము అమ్మువారు, ఒకరి చేతి సరుకుపై బ్రతుకు వారెల్లరును చేయవలెను. చేసినవారికి గాలివానలో సరుకు ఆగదు, నేస్తము తెగదు, అటక ఖాళీగా ఉండదు. ఐదవ ఏట ఐదు ఇండ్లవారిని పిలిచి, వారి ప్రక్కన కూర్చుండి భోజనము చేసి ఉద్యాపన చేసికొనవలెను. కథ తప్పినను దోషము లేదు, నడక తప్పరాదు. అని శాండిల్యుడు చెప్పెను.

అక్షతలు అప్పుడే వేయరాదు. గాలివాన మర్నాడు ఉదయము చలమయ్య చేసినది విని వేయవలెను.

మర్నాడు గాలి నిలిచెను. తాళ్ళకొరకు నాలుగు ఊళ్ళవారు కొట్టు ముందు నిలిచిరి. చలమయ్య వారిని సూరాంబకు అప్పగించి, మంచి మోకు ఒకటి భుజమున వేసికొని, పల్లాలమ్మతో, ఆమె మేకతో కూడ మోకాటి లోతు బురదలో తువ్వలంకకు నడిచెను. ఒరిగిన ఆమె ఇంటి కప్పును ఎత్తి గుంజకు బిగించి కట్టెను. మేక మెడలోని తోరము వానకు తడిసి బిగిసి ఉండెను. కూర్చుండి, దానిని విప్పి, వదులుగా మరల కట్టెను.