కంకరవాగు ఒడిచేతి అమ్మవారు

కంకరవాగు దాటి డెబ్బై రెండు మెట్లు ఎక్కితే ఒడిచేతి అమ్మవారి సన్నిధి వస్తుంది. కూర్చున్న మూర్తి. నల్లరాతి విగ్రహం. తక్కిన క్షేత్రాలలో అమ్మవారి కుడిచేయి అభయమిస్తూ పైకెత్తి ఉంటుంది. ఇక్కడ మాత్రం ఆ చేయి దిగి, అరచేయి పైకి తెరుచుకుని ఒడిలో ఆని ఉంటుంది. కొత్తగా వచ్చిన భక్తులు ఇది శిల్పి పొరపాటేమోనని అడుగుతూ ఉంటారు. పొరపాటు కాదు. దీని వెనుక కాళాంబ అనే ఇల్లాలి కథ ఉన్నది.

పూర్వం ఇక్కడ గుడి కట్టదలచిన ఊరివారు మౌనాచారి అనే శిల్పిని పిలిపించి విగ్రహం పని అప్పగించారు. అతడు భార్య కాళాంబతోనూ, అయిదేళ్ళ కూతురు ఈశ్వరితోనూ కొండ కింద పాక వేసుకుని పని మొదలుపెట్టాడు.

కాళాంబకు నాలుగో ఏటనే తల్లీ తండ్రీ పోయారు. మేనమామ భద్రాచారి పెంచాడు. అతడు పేరున్న శిల్పి; మౌనాచారికి విద్య నేర్పిన గురువు కూడా. నలుగురిలో ఎంతో పెద్దమనిషి. ఇంట్లో మాత్రం నీళ్ళు తేవడం ఆలస్యమైనా, అన్నం మెత్తబడినా ఆ పిల్లను ఇనుప బద్దతో కొట్టేవాడు. కొట్టిన ప్రతిసారీ "నీ మంచికే" అనేవాడు. అడుగుల చప్పుడును బట్టి అతని కోపం ఎంతో లెక్కగట్టడం ఆమెకు ఏడో ఏటికే వచ్చేసింది.

మౌనాచారి ఆమెను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. అయినా అతడు గూటిలోని దీపం తీయడానికి చేయెత్తినా సరే, ఆమె రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని చతికిలబడిపోయేది. ఏమైందని అడిగితే తల తిరిగిందనేది. గిన్నె జారిన చప్పుడైతే చాలు, చేతిలో పని వదిలేసి గోడకు ఒదిగిపోయేది.

ఒకనాటి ఉదయం ఈశ్వరి ఆడుకుంటూ కాలు తగిలి పాలకుండ దొర్లించింది. కాళాంబ చేయి ఒక్కసారిగా పైకి లేచింది. పిల్ల ఏడవలేదు. రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని చతికిలబడింది. ఎవరూ నేర్పలేదు, తల్లిని చూసి నేర్చుకున్నది. కాళాంబ దింపిన చేతిని కొంగులో చుట్టుకుని కొండమీదికి పరుగుతీసింది.

గుడిలో విగ్రహం పూర్తి కావచ్చింది. శరణు వేడుదామని లోపలికి వెళ్ళిన ఆమెకు ఎదురుగా ఎత్తిన చేయి కనబడింది. అభయమని తెలుసు. తెలిసినా చేతులు తలకు అడ్డం వెళ్ళాయి. ద్వారం బయటికి పాకి వచ్చి, "అమ్మా, నీ చేయి చూసినా భయమే. ఇంక నేనెక్కడికి పోను?" అని ఏడ్చింది.

వెతుక్కుంటూ వచ్చిన మౌనాచారి ఆ మాట విన్నాడు. ఆ పూట ఆమె మొదటిసారి అంతా చెప్పింది. అతడు ఆమె పక్కనే నేలమీద కూర్చున్నాడు.

"ఇన్నేళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీ గురువుగారు కదా. చెబితే మీరూ నా మంచికే అంటారని."

"అననే. ఎవరన్నా నేననను."

మాట అన్నాడు గాని అతనికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. చెక్కిన రాతిచేతిని దింపడం ఎవరి తరం? మర్నాడే ప్రతిష్ఠ. బంగారు సూదితో విగ్రహానికి కన్నులు తెరిపించేందుకు భద్రాచారికే కబురు వెళ్ళింది. ఆ మధ్యాహ్నం దిగులుతో పందిట్లో కునుకుపట్టగా ఒక ముత్తైదువ కలలో కనిపించి, "నా బిడ్డ భయపడుతుంటే నేను చేయి ఎత్తి ఉంచలేను నాయనా. తెర వేసి రా. నేను చూసుకుంటాను" అని పలికింది. అతడు లేచి తెర వేశాడు.

మర్నాడు ఊరంతా కొండెక్కింది. భద్రాచారి వచ్చాడు. ఆ అడుగుల చప్పుడు వినగానే కాళాంబ ఈశ్వరిని గట్టిగా పట్టుకుని నిలబడింది. తెర తీశారు. అమ్మవారి కుడిచేయి ఒడిలో ఉన్నది!

జనం నివ్వెరపోయారు. భద్రాచారి మండిపడ్డాడు. "శాస్త్రం తప్పావురా!" అంటూ మౌనాచారి మీదికి చేయెత్తాడు. ఈశ్వరి రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకున్నది.

కాళాంబ ఇద్దరి మధ్యకూ వచ్చింది. చతికిలబడలేదు.

"మామా, చేయి దించు."

"ఏమే, నన్నా అనేది? పెంచి పెద్దచేసినవాణ్ణి! నీ మంచికే కదే కొట్టింది!"

"కాదు. నాలుగేళ్ళ పిల్లను ఇనుప బద్దతో కొట్టడం ఏ మంచికీ కాదు. అమ్మవారే దించింది. నువ్వూ దించు."

ఎత్తిన చేయి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అతడు కాసేపు అలాగే నిలబడి, దించి, సూది అక్కడే వదిలి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ముహూర్తం మించిపోతున్నదని ఊరివారు కంగారుపడుతుంటే అర్చకుడు ఆ సూదిని కాళాంబకు ఇచ్చాడు. అమ్మవారి కన్నులు తెరిపించినవి ఆమె చేతులే.

ఆమె భయం ఆ ఒక్కనాటితో పోలేదు. కూతురిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తప్పు ఒప్పుకున్నది. ప్రతి శుక్రవారం కొండెక్కి అమ్మవారి అరచేతిలో తన చేయి పెట్టి గుర్తుకొచ్చిందల్లా చెప్పుకునేది. కొన్ని వారాలు ఏడుపే. కొన్ని వారాలు కోపం. ఎన్నో ఏళ్ళకు ఒకనాడు వెనుక ఏదో పళ్ళెం పడితే, తిరిగి చూసి, తీసి పక్కన పెట్టి, మళ్ళీ కబుర్లలో పడిందట. అది చూసిన మౌనాచారి కంట నీరు తిరిగిందని చెబుతారు.

నేటికీ శుక్రవారం ఉదయం అభిషేకం కాగానే అర్చకులు గర్భగుడి వదిలి బయటికి వచ్చేస్తారు. చిన్నతనంలో దెబ్బలు తిన్నవారు, ఎవరికీ చెప్పుకోలేనిది మోస్తున్నవారు ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి ఆ అరచేతిలో చేయి ఉంచి కూర్చుంటారు. జుట్టు నెరిసినవారూ వస్తారు. ఎంతసేపైనా ఎవరూ తొందరపెట్టరు. వచ్చాక ఏం చెప్పుకున్నావని అడగరు. ఎన్ని వారాలు రావాలన్న నియమమేదీ లేదు. బయటికి వచ్చినవారికి వేడి పాలు ఇస్తారు. అమ్మ కరుణ వలన వారికి కంటినిండా నిద్ర, వారి బిడ్డలకు బెదురులేని బాల్యం కలుగుగాక.