కొండ మీది వీరుడూ కథ లేని వకుళా

అనగా అనగా, పిల్లలూ, మబ్బులు కొండల భుజాల మీద తల వాల్చి నిద్రపోయే రోజుల్లో, తొమ్మిది కోనల రాజ్యం ఒకటి ఉండేది.

ఆ రాజ్యంలో ఒక ఆచారం. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు తొలిపయనం పోవాలి. దారిలో ఎదురైన ఆపద ఒకదాన్ని తీర్చాలి. తిరిగొచ్చాక సంతలో రచ్చరాయి ఎక్కి తమ కథ తామే చెప్పాలి. అలా చెప్పినవాళ్ళని కథ ఉన్నవాళ్ళు అనేవారు. కథ ఉన్నవాళ్ళ మాటకి నలుగురిలో విలువ ఉండేది.

కానీ ముప్ఫై ఏళ్ళుగా ఆ రాయి ఎక్కిన ప్రతివాళ్ళ కథా ఒకేలా ముగిసేది.

"అంతలో ఉద్దండుడు వచ్చాడు."

ఉద్దండుడు నడిమికొండ మీద ఉండే మహావీరుడు. ఏడడుగుల మనిషి. ముసలితనం రాకుండా వరం పొందినవాడు. తొమ్మిది కోనల్లో ఎక్కడ ఆకు నలిగినా ఆయన చెవికి వినిపించేది. ఒక్క దూకు దూకితే ఒక కోన దాటేవాడు. మనసూ మంచిదే. ఎవరికే కష్టం వచ్చినా, వాళ్ళు నోరు తెరిచేలోపే అక్కడ వాలేవాడు. కత్తి ఒక్కసారి ఝళిపించేవాడు. కష్టం తీరిపోయేది. కథ కూడా అయిపోయేది.

సంతలో పిల్లలు కథలు వినడం మానేశారు. "ఆఖరికి ఆయనే వస్తాడుగా" అని బెల్లం ఉండలు చప్పరించుకుంటూ మధ్యలోనే లేచిపోయేవారు.

మూడో కోనలో వకుళ అనే పిల్ల ఉండేది. లెక్కల్లో దిట్ట. చింతచెట్టుని ఒక్కసారి తేరిపార చూసి, ఎన్ని బుట్టల కాయ దిగుతుందో చెప్పేది. వకుళ వాళ్ళ అవ్వకి సొంత కథ ఉంది. పెద్ద కథేం కాదు. వాగులో కొట్టుకుపోతున్న మేకపిల్లల్ని, పదకొండింటిని, ఒక్కొక్కటిగా ఒడ్డుకి చేర్చింది. అంతే. కానీ పదకొండో మేకపిల్ల దగ్గరికి వచ్చేసరికి అవ్వ గొంతు ఇప్పటికీ వణికేది.

ఆ వణుకు వినడానికే వకుళ ఆ కథని వంద సార్లు చెప్పించుకుంది. 'నా గొంతు కూడా ఎప్పుడో ఒకప్పుడు అలా వణకాలి' అనుకునేది. 'నాదైన ఒక్క మేకపిల్ల. ఒక్కటి చాలు.'

పద్దెనిమిది నిండగానే వకుళ బయలుదేరింది. గానుగ తిప్పి తిప్పి చేతులు ఉక్కులా మారిన నేస్తం గవరమ్మ వెంట వచ్చింది. మిరియం అనే ముంగిస కూడా వచ్చాడు. మిరియానికి నోరెక్కువ.

మొదట రెండో కోనకి పోయారు. అక్కడ కనుమదారికి అడ్డంగా ఓ కొండచిలువ పడుకుని, వచ్చే పోయే గొర్రెల్ని మింగుతోంది. వకుళ ఆరు రోజులు పొద మాటున కూర్చుని లెక్క కట్టింది. మింగాక అది రెండు రోజులు కదలదు. గవరమ్మ వెదురుబొంగులు కొట్టి పెద్ద పంజరం అల్లింది. ఏడో రోజు, పాము కడుపు నిండి కళ్ళు మూసుకుంది. ముగ్గురూ పంజరం ఎత్తి పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కో అడుగే వేశారు. ఇంకా మూడే అడుగులు.

ధభీమని నేల అదిరింది. ఉద్దండుడు వచ్చాడు. కత్తి తళుక్కుమంది.

"భయపడకండి తల్లీ, నేనున్నాను" అన్నాడాయన, చల్లగా నవ్వి.

ఊరిజనం దండలతో పరుగెత్తుకొచ్చారు. "పక్కకి జరగండమ్మా, ఆయన్ని కనపడనివ్వండి!" అని ముగ్గుర్నీ గట్టు మీదికి నెట్టేశారు.

"ఆరు రోజులు నా వీపు మీద చీమలు పాకాయి" అన్నాడు మిరియం. "ఆ చీమలకైనా చెప్పుకోడానికి ఏదో కథ మిగిలింది."

తర్వాత ఐదో కోన రేవుకి పోయారు. అక్కడ ఒక రాక్షసుడు పడవకి అడ్డంగా కూర్చునేవాడు. మూడు చిక్కుప్రశ్నలకి జవాబు చెప్పనివాళ్ళ మూటలు ఏట్లో పారేసేవాడు. వకుళ మొదటిదానికి జవాబు చెప్పింది. రెండోదానికీ చెప్పింది. రాక్షసుడు మీసం దువ్వుకున్నాడు.

"ఇక విను. మేం ముగ్గురు అన్నదమ్ములం. మా అన్న వయసు నా వయసుకి రెట్టింపు. మా తమ్ముడి వయసు నా వయసులో సగం. ముగ్గురివీ కలిపితే ఏడు వందలు. నాకెన్నేళ్ళు?"

వకుళ వేళ్ళు ముడిచింది. తమ్ముడిది ఒక పాలు. ఇతనివి రెండు పాళ్ళు. అన్నవి నాలుగు. మొత్తం ఏడు. ఆమె కళ్ళు మెరిశాయి. నోరు తెరిచింది. "రెండు..."

ధభీమని నేల అదిరింది. ఉద్దండుడు రాక్షసుణ్ణి నడుం పట్టుకుని ఎత్తి, గిరగిరా తిప్పి, కొండ అవతలికి విసిరేశాడు.

జనం జేజేలు కొట్టారు. కొండ అవతలి నుంచి మాత్రం సన్నగా ఏడుపు వినిపించింది. "నా జవాబూ! జవాబు వినకుండానే విసిరేశారే!"

వకుళ ఆగలేదు. ఆ కొండ ఎక్కి, అవతల ముళ్ళపొదలో చిక్కుకున్న రాక్షసుడి దగ్గర కూర్చుంది. "రెండు వందల ఏళ్ళు" అంది.

రాక్షసుడు ముక్కు చీదుకున్నాడు. "నిజమే తల్లీ. ఈ ప్రశ్న అల్లడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. ఒక్కళ్ళయినా చెబుతారని రోజూ దారి చూసేవాణ్ణి. చెప్పేవాళ్ళు దొరికిన రోజే..." అని నడిమికొండకేసి చూసి నిట్టూర్చాడు.

ఆ సాయంత్రం ముగ్గురూ ఏటి ఇసుకలో కూర్చున్నారు. నడిమికొండ మీద ఉద్దండుడి దీపం వెలిగింది. దాన్ని చూస్తే వకుళకి కోపం రాలేదు. ఆకలి లాంటిదేదో వేసింది. అన్నం తింటే తీరని ఆకలి.

"ఒసే, ఇంటికి పోదామే" అంది గవరమ్మ. "ఏ ఆపద ముట్టుకున్నా మనకన్నా ముందు ఆయన చెయ్యి పడుతుంది."

వకుళ పిడికెడు ఇసుక తీసి వేళ్ళ సందుల్లోంచి జార్చింది. ఆ తర్వాత మెల్లగా అంది. "ఈ రాజ్యంలో ఆయన చెయ్యి పడని ఆపద ఒక్కటుంది."

"ఏదీ?"

వకుళ దీపం వైపు చూపించింది.

"అమ్మో!" గవరమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఆయన్ని కొడతామా?"

"కొట్టం. మాట్లాడతాం."

"కొట్టడమే నయం" అన్నాడు మిరియం.

మర్నాడు పొద్దున్నే కొండెక్కారు. ఉద్దండుడు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. కత్తి ఒళ్ళో ఉంది. తల ఓ పక్కకి వాల్చి, కోనల్లోని చప్పుళ్ళు వింటున్నాడు. వీళ్ళని చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఎవరికి ఆపద?"

"ఎవరికీ లేదండయ్యా" అంది వకుళ.

ఆయన తికమకపడ్డాడు. ఆపద లేకుండా ఆయన గుమ్మానికి మనిషి వచ్చి ముప్ఫై ఏళ్ళయింది. ఎక్కడ కూర్చోమనాలో కూడా ఆయనకి తోచలేదు.

"అయ్యా, ఒక లెక్క చెప్పనా?" అంది వకుళ. "ఏడాదికి పన్నెండు మంది తొలిపయనం పోతారు. ముప్ఫై ఏళ్ళకి మూడు వందల అరవై మంది. వాళ్ళలో చచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు."

"సంతోషం" అన్నాడాయన.

"గెలిచినవాళ్ళూ ఒక్కరు లేరు."

ఉద్దండుడి ముఖం ఎర్రబడింది. "నేను రాకపోతే ఆ పాము నిన్ను మింగేదేమో, అమ్మాయ్! ఒక్కసారి ఆలస్యంగా వెళ్ళాను, వరం రాకముందు. ఆ ఊళ్ళో నేను కాపాడడానికి ఎవరూ మిగల్లేదు. ఆనాటి నుంచీ నేను నిద్రపోలేదు. తెలుసా?"

వకుళకి ఆ సంగతి తెలియదు. ఎవరికీ తెలియదు. ఆయన కథలో ఆ ముక్క ఎవరూ చెప్పరు.

"మింగేదేమో" అంది నెమ్మదిగా. "మింగకపోయేదేమో కూడా. అది నాకు ఎప్పటికీ తెలియదయ్యా. నాకు కావలసింది అదొక్కటే. తెలుసుకోవడం."

ఆయన ఏదో అనబోయి ఠక్కున ఆగిపోయాడు. చెవులు రిక్కించాడు. "ఆరో కోనలో చెరువు కట్టకి గండి పడింది." అప్పటికే కత్తి చేతిలోకి వచ్చేసింది.

వకుళ వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆయన భుజం దాకా కూడా రాదు.

"మమ్మల్ని పోనివ్వండి. చెవుల్లో దూది పెట్టుకుని ఇక్కడే ఉండండి. కళ్ళు మాత్రం తెరిచి ఉంచండి. మావల్ల కాకపోతే పచ్చి ఆకులు కాల్చి పొగ వేస్తాం. పొగ కనపడిన మరుక్షణం రండి. ఒట్టు, పంతానికి పోయి ఒక్క ప్రాణం కూడా పోనివ్వను."

ఉద్దండుడు పాములతో పోరాడాడు. రాక్షసులతో పోరాడాడు. కానీ ఆ దూది చెవుల్లో పెట్టుకోవడమంత కష్టం ఆయనకి ఎప్పుడూ కాలేదు.

ముగ్గురూ కొండ దిగి పరుగెత్తారు. ఆరో కోన చేరి చూస్తే ఏముంది! కట్టకి గండి పడి నీళ్ళు హోరుమంటున్నాయి. కింద ఇళ్ళున్నాయి, కోతకొచ్చిన వరి ఉంది. ఊరంతా మాత్రం పక్కనున్న మిట్ట మీద చాపలు పరుచుకుని కూర్చుంది. దండలు గుచ్చుతున్నారు. కొందరు ఆయన బాగా కనబడాలని పిల్లల్ని భుజాల మీదికి ఎక్కించుకున్నారు.

"రండమ్మా, కూర్చోండి. ఇప్పుడే వచ్చేస్తాడు" అని ఓ పెద్దాయన చోటిచ్చాడు.

వకుళ గండి చూసింది. ఆరు మూరలుంది. గడియకి రెండు మూరలు పెరుగుతోంది. పన్నెండు దాటితే కట్ట నిలవదు. అంటే మూడు గడియలు. పూడ్చడానికి నాలుగు వేల తట్టల మట్టి కావాలి. ముగ్గురం మోస్తే నాలుగు రోజులు.

ఆమె పచ్చి ఆకుల కుప్ప వేసింది. చెకుముకి రాయి చేతిలోకి తీసుకుంది. 'ఒక్క నిప్పురవ్వ చాలు. అంతా అయిపోతుంది' అనుకుంది. చెయ్యి పైకి లేచింది.

మిట్ట మీదివాళ్ళని లెక్కపెట్టింది. నాలుగు వందల మంది. తలకి పది తట్టలు.

చెయ్యి దించి, గట్టిగా అరిచింది. "ఆయన రావడం లేదు! నేనే రావద్దన్నాను!"

మిట్ట మీద గగ్గోలు పుట్టింది. "మతి పోయిందా పిల్లా?" "ఎవరే నువ్వు, ఏ కోనదానివి?" "మా కొంపలు ముంచడానికి వచ్చావా?" ఒకడు మట్టిగడ్డ విసిరాడు. అది వకుళ భుజానికి తగిలింది.

"ఇంకో నాలుగు వేల గడ్డలు విసరండి" అన్నాడు మిరియం. "కాకపోతే కాస్త ఎడమ పక్కకి, గండిలోకి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఒక ముసలామె చాప మీంచి లేచి, కొంగు నడుముకి చుట్టింది. "నేను తట్ట మోసి ముప్ఫై ఏళ్ళయింది. నడుం వంగుతుందో లేదో చూద్దాం" అంటూ దండల బుట్ట తిరగేసి పూలు పారబోసి, అందులో మట్టి ఎత్తింది.

ఆమె వెనక ఇద్దరు లేచారు. ఇద్దరి వెనక ఇరవై మంది. కాసేపటికి మిట్ట మీద చాపలే మిగిలాయి. వకుళ మనుషుల్ని రెండు వరసలుగా నిలబెట్టింది, నిండు తట్టలు ఒక వరసలో వచ్చేలా, ఖాళీ తట్టలు రెండో వరసలో పోయేలా. గవరమ్మ నడుం లోతు నీళ్ళలోకి దిగి, గానుగరోళ్ళంత బండల్ని గండికి అడ్డం దొర్లించింది. అయినా ఎంత మట్టి పోసినా అడుగునుంచి జారిపోతోంది. మూడో గడియ వచ్చేసింది. వకుళ మళ్ళీ చెకుముకి రాయి పట్టుకుంది. ఈసారి రాయి మీద రాయి ఆనించింది కూడా.

"ఆగు! ఆగు!" మిరియం కట్ట లోపలి నుంచి బురదముద్దలా బయటికి వచ్చాడు. "కింద ఎండ్రకాయ బొరియ ఉంది. నీళ్ళు దాంట్లోంచి తోసుకుపోతున్నాయి. గడ్డి పట్రండి!"

గడ్డి కుక్కారు. దాని మీద మట్టి పోశారు. నీటి హోరు గొణుగుడైంది. గొణుగుడు కాస్తా ఆగిపోయింది.

ఒక్కసారిగా అంత నిశ్శబ్దం. అందరూ తమ బురద చేతుల్ని అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నారు.

ముగ్గురూ మళ్ళీ కొండెక్కేసరికి ఎండ వాలుతోంది. ఉద్దండుడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, చూపు ఆకాశం మీది నుంచి కదల్చకుండా. పట్టుకున్న ద్వారబంధం మీద ఆయన వేళ్ళ గుంటలు పడ్డాయి. వకుళ మునివేళ్ళ మీద లేచి, ఆయన చెవుల్లోంచి దూది తీసింది.

"పొగ వేస్తావేమో అని చూశాను" అన్నాడాయన బొంగురు గొంతుతో. "వెయ్యకూడదేమో అని కూడా చూశాను. రెంటిలో ఏది ఎక్కువ కోరుకున్నానో నాకే తెలియదు. ఏమైంది? అందరూ క్షేమమేనా?"

"అందరూ క్షేమం."

అంత పెద్ద మనిషీ నేల మీద చతికిలబడ్డాడు. కత్తి పక్కన పెట్టాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన విన్నవన్నీ ఆయన కథలే. చివర ఏమవుతుందో తెలియని కథ ఆయన ఎదుటికి రావడం ఇదే మొదలు.

"మొదటినుంచి చెప్పు తల్లీ" అన్నాడు. "ఏదీ వదలకు."

వకుళ చెప్పింది. మట్టిగడ్డ తగలడం చెప్పింది. ముసలామె పూలు పారబోయడం చెప్పింది. రాయి మీద రాయి ఆనించిన చోటికి వచ్చేసరికి, తనకి తెలియకుండానే, ఆమె గొంతు వణికింది.

ఉద్దండుడు చిన్నపిల్లాడిలా ముందుకి జరిగాడు. "తర్వాత?" అన్నాడు. "తర్వాత ఏమైంది?"

అందుకే పిల్లలూ, చేయగలిగినవాడు అన్నీ తానే చేస్తే అది బలం మాత్రమే. కనిపెట్టుకుని నిలబడి, పక్కవాళ్ళ చేత చేయనిస్తేనే అది గొప్పతనం.