అరువు తెచ్చిన పెద్ద లెన్సు

సూళ్ళూరుపేటలో పెంచలయ్య అనే ఫోటోగ్రాఫర్ అయినదానికీ కానిదానికీ గుండెలు బాదుకుంటూ, అలా బాదుకోవడమే జాగ్రత్త అనుకుంటూ ఉండేవాడు. స్టూడియోకు తాళం వేసి ఇంటికొచ్చాక, వేశానో లేదో అని అన్నం సహించక కూర్చునేవాడు గానీ, వెనక్కి వెళ్ళి ఒకసారి తాళం లాగి చూసేవాడు కాదు. మబ్బు పట్టగానే పెళ్ళివారి ఫోటోలు తడిసిపోతాయని కంగారుపడేవాడు గానీ, కిటికీ తలుపు మూసేది మాత్రం అతని భార్య మంజులే. ఊళ్ళో వాళ్ళు అతని కంగారు చూసి, "పెంచలయ్య చాలా జాగ్రత్త మనిషి" అనేవారు. ఆ మాట అతనూ నమ్మేశాడు.

పెళ్ళిళ్ళూ పాస్‌పోర్టు సైజు ఫోటోలూ తీసి తీసి పెంచలయ్యకు విసుగు పుట్టింది. ఆ ఏడాది చలికాలంలో దగ్గర్లోని చెరువుకు గూడబాతులు వచ్చి, నీళ్ళలో నిలిచిన చెట్ల మీద గూళ్ళు కట్టాయి. తల్లి గూడబాతు నోరు తెరిస్తే, పిల్ల ఆ సంచిలాంటి గొంతులోకి తల దూర్చి చేపను లాక్కుంటుంది. ఆ ఒక్క ఫోటో తీయాలని అతనికి తెగ కోరికగా ఉండేది. కానీ గూళ్ళు గట్టుకు చాలా దూరం. తన దగ్గరున్న లెన్సులతో తీస్తే అంత పెద్ద పక్షీ ఆవగింజంత కనిపించేది.

అంత దూరం అందుకునే పెద్ద లెన్సు ఆ చుట్టుపక్కల మస్తాన్ భాయ్ ఒక్కడి దగ్గరే ఉంది. పక్షుల ఫోటోలు తీయడంలో ఆయన తలపండినవాడు. మోకాళ్ళ నొప్పుల వల్ల చెరువుకు వెళ్ళడం మానేశాడు గానీ, ఆ లెన్సును మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. పెంచలయ్య బతిమాలగా బతిమాలగా చివరికి మెత్తబడ్డాడు.

"నువ్వు జాగ్రత్త మనిషివి కాబట్టి ఇస్తున్నా," అంటూ పెట్టె తెరిచాడు. లోపల రుబ్బురోలు పొత్రమంత లెన్సు ఉంది. "చూడు పెంచలయ్యా, ఎత్తితే లెన్సునే పట్టుకొని ఎత్తు. కెమెరాను పట్టుకొని ఎత్తావంటే ఈ బరువుకు లెన్సు తగిలించే దాని మూతి ఊడొస్తుంది. లెన్సు కింద ఈ పాదం ఉంది కదా, దీన్ని స్టాండు మీది గాడిలోకి తోసి, పక్కన మర గట్టిగా బిగించు. చెయ్యి వదిలే ముందు ఒకసారి ఊపి చూడు. ఎత్తు మీద అయితే ఈ పట్టీ లెన్సుకు తగిలించి, రెండో కొసను అక్కడి అడ్డకడ్డీకి కట్టు. మర్చిపోకు."

పెంచలయ్య తల ఊపాడు. కానీ అతని మనసు అక్కడ లేదు. ముందువైపు మెరుస్తున్న ఆ పెద్ద గాజును చూడగానే అతనికి ముచ్చెమటలు పోశాయి. దీని మీద గీత పడితే? లోపలికి దుమ్ము పోతే? నన్ను నమ్మి ఇచ్చిన మనిషి మొహం మళ్ళీ ఎట్లా చూడాలి? ఇంటికి వచ్చేదాకా అతనికి ఇదే ఆలోచన.

మర్నాడు పొద్దున్నే భార్యాభర్తలు స్కూటర్ మీద బయల్దేరారు. లెన్సు సంచి మంజుల ఒళ్ళో ఉంది. టిఫిన్ క్యారియర్ ముందు కొక్కేనికి వేలాడుతోంది.

"మంజులా, గట్టిగా పట్టుకున్నావా?" అన్నాడు పెంచలయ్య.

"పట్టుకోనే ఉండా."

నాలుగడుగులు పోయాక మళ్ళీ, "సంచి వంగలేదు గదా?" అన్నాడు.

"అది బాగానే ఉంది. నువ్వు రోడ్డు చూసి తోలవయ్యా! బ్రేకు సరిగ్గా పడటంలేదని అంటా ఉంటివే, చూపించినావా?"

"బ్రేకు గొడవ ఇప్పుడెందుకే? నా భయం నాది," అని విసుక్కున్నాడు.

చెరువు గట్టు మీద, పక్షులను చూడటానికి కట్టిన, పైన చుట్టూ అడ్డకడ్డీలున్న ఎత్తైన మంచె ఉంది. మంజుల కూడా పైకి రాబోయింది. పెంచలయ్య హడలిపోయి అడ్డం నిలబడ్డాడు. "నువ్వు రావద్దు. నీ చెయ్యి తగిలిందంటే నా కొంప మునుగుతుంది. కింద నీడగా ఉంది, అక్కడ కూర్చో," అన్నాడు. మంజుల మూతి ముడుచుకొని, క్యారియర్ పక్కన పెట్టుకొని మంచె కిందనే కూర్చుంది.

పైకెక్కి పెంచలయ్య స్టాండు నిలబెట్టాడు. లెన్సు పాదాన్ని గాడిలోకి తోశాడు. మర తిప్పుతుంటే అతనికి ఒక భయం పట్టుకుంది. మరీ బిగిస్తే పాదం మీద నొక్కు పడుతుందేమో! సగం తిప్పి వదిలేశాడు. సంచిలోంచి పట్టీ తీశాడు. దాని కొక్కెం ఇనుపది. అది తగిలి లెన్సు రంగు లేచిపోతే? పట్టీని మళ్ళీ సంచిలోనే పెట్టేశాడు. ఇక దుమ్ము భయం. ఇంటి నుంచి తెచ్చిన మెత్తటి తువ్వాలును లెన్సు చుట్టూ, పాదం చుట్టూ మందంగా చుట్టాడు. మర ఎంత బిగిసిందో ఇక కంటికి కనిపించే దారే లేదు. "ఇప్పుడు దీనికి ఏమీ కాదు," అనుకున్నాడు.

గాలి వీచినప్పుడల్లా మంచె సన్నగా ఊగేది. ఊగినప్పుడల్లా పెంచలయ్య తువ్వాలు సవరించేవాడు, గాజు మీద ఉఫ్ అని ఊదేవాడు, మళ్ళీ తువ్వాలు సవరించేవాడు. ఇంతసేపూ అతని చెయ్యి ఆ మర మీదికి మాత్రం పోలేదు. నాకైతే ఇప్పటికీ ఆ మనిషిని పట్టుకొని కుదపాలనిపిస్తుంది.

అంతలో ఒక తల్లి గూడబాతు రెక్కలు చాచుకుంటూ వచ్చి, మంచెకు ఎదురుగా ఉన్న కిందికొమ్మ గూట్లో వాలింది. పిల్ల ఆత్రంగా మెడ సాచింది. పెంచలయ్య ఊపిరి బిగబట్టి లెన్సును గబుక్కున కిందికి వంచాడు. లెన్సు వంగింది. వంగినది ఆగలేదు. గాడిలోంచి జారి, కెమెరాతో సహా కడ్డీ మీదుగా కిందికి పోయింది. అతను రెండు చేతులతో అందుకోబోయాడు. చేతుల్లో తువ్వాలు మాత్రం మిగిలింది.

కింద ఏదో పగిలినట్టు పెద్ద చప్పుడైంది.

"మంజులా!" అని అరిచాడు. జవాబు రాలేదు. పెంచలయ్య పై ప్రాణాలు పైనే పోయాయి. మెట్లు ఎలా దిగాడో అతనికే తెలియదు. లెన్సు సరిగ్గా క్యారియర్ మీద పడింది. గిన్నెలు చితికిపోయి, పెరుగన్నం నేలంతా చిందింది. దానికి జానెడు దూరంలో మంజుల కదలకుండా కూర్చుని ఉంది. నుదుటి మీంచి రక్తం కారుతోంది. క్యారియర్ మూత ఎగిరివచ్చి తగిలింది.

"మంజులా, మాట్లాడవే! నీకు దణ్ణం పెడతా, మాట్లాడు!" అని భోరుమన్నాడు పెంచలయ్య. చేతిలో ఉన్న తువ్వాలు ఆమె నుదుటికి అదిమిపెట్టాడు.

మంజుల మెల్లగా తేరుకుంది. "ఏందయ్యా పడింది?" అంది. తర్వాత చితికిన గిన్నెల మధ్య పగిలిన గాజును చూసి, "అయ్యో, భాయ్ లెన్సు! చూడవయ్యా దాన్ని," అంది.

"దాని మొహం మండ," అన్నాడు పెంచలయ్య. దానివైపు తిరిగి కూడా చూడలేదు. ఆమెను ఆస్పత్రికి తీసుకుపోయి కుట్లు వేయించాడు.

ఆ సాయంత్రం పగిలిన లెన్సును సంచిలో వేసుకొని ఇద్దరూ మస్తాన్ భాయ్ ఇంటికి వెళ్ళారు. వద్దన్నా వినకుండా మంజుల కూడా వచ్చింది. పెంచలయ్య జరిగింది చెప్పాడు. మస్తాన్ భాయ్ సంచి తెరవకుండానే మంజుల నుదుటి కట్టు వైపు చూశాడు.

"ఇంకెక్కడైనా తగిలిందా అమ్మా?" అని అడిగాడు. లేదని ఆమె తల అడ్డంగా ఊపాక, పెంచలయ్య వైపు తిరిగాడు. "పట్టీ ఎందుకు కట్టలేదు?"

"కొక్కెం గీసుకుంటుందని భయం వేసింది భాయ్."

"మర ఎందుకు బిగించలేదు?"

"నొక్కు పడుతుందని భయం వేసింది."

"ఈ అమ్మాయిని పోయి పోయి మంచె కింద ఎందుకు కూర్చోబెట్టావు?"

"పైనుంటే చెయ్యి తగులుతుందని…"

మస్తాన్ భాయ్ కోపంతో సంచిని పక్కకు నెట్టాడు. "అన్నిసార్లు భయపడటానికి తీరిక దొరికింది నీకు. ఒక్కసారి చేత్తో ఊపి చూడటానికి దొరకలేదా? లెన్సు నాది, ఏడ్చేది నేనే, సరే. అది జానెడు పక్కకు పడి ఉంటే ఇప్పుడు ఎవరు ఏడుస్తుండేవాళ్ళు?"

పెంచలయ్య లెన్సు తిరిగి కొనిచ్చే పూచీ తనదని చెప్పాడు గానీ, ఆయన ఆ మాట విన్నట్టే లేదు. చాలాకాలం అతనితో మాట్లాడలేదు కూడా. ఆ రోజు ఇంటికి వచ్చే దారిలో పెంచలయ్య స్కూటర్‌ను మెకానిక్ కొట్టు ముందు ఆపి, మంజులను దింపి, "ముందు ఈ బ్రేకు చూడయ్యా," అన్నాడు. బాగుచేశాక తానే తొక్కి చూసి, అది పట్టుకుందని తేలాకే ఆమెను ఎక్కించుకున్నాడు.

భయపడినంత మాత్రాన జాగ్రత్తపడినట్టు కాదు. బరువైనదాన్ని చేతికి తీసుకున్నవాడు దిగులు పడుతూ కూర్చోకుండా, దాన్ని పట్టి ఉంచే మరనూ కట్టునూ తన చేత్తో సరిచూసుకోవాలి, ఎందుకంటే అది జారితే పడేది పక్కవాళ్ళ నెత్తిమీద.